కట్టేసిన అలారం

డిండోలి, సూరత్
జూన్

ప్రియమైన సంపత్ అన్నకు,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ ఓడ మగ్దల్లా రేవుకు వచ్చినప్పుడు నీకు అందేలా ఈ ఉత్తరాన్ని ఏజెంటు ఆఫీసులో ఇచ్చి వస్తాను. ఫోన్లో అయితే నువ్వు నవ్వించి మాట మారుస్తావు. కాగితం మీద మాట కదలదు.

నా కాలేజీ ప్రాజెక్టు గురించి చెప్పాను గదా. ఓడలు చాలా, తనిఖీ అధికారులు కొద్దిమంది. పాత తనిఖీ రిపోర్టులన్నీ జల్లెడ పట్టి, ఏ ఓడను ముందు చూడాలో కంప్యూటర్ చెబుతుంది. దాన్ని డేటా మైనింగ్ అంటారు. నిన్న మీ ఓడ పేరు వెతికితే ఆ జాబితాలో అన్నిటికన్నా అడుగున కనిపించింది. అంటే భద్రమని. సార్ నా పనిని మెచ్చుకున్నారు. నేను మాత్రం మీ ఓడ పాత రిపోర్టులు తీసి చూశాను. లోపాలు లేక కాదన్నా, ఇన్నేళ్లలో దాన్ని సరిగ్గా ఎవరూ ఎక్కి చూడలేదు.

మొన్న నువ్వు నవ్వుతూ చెప్పిన మాట నన్ను వదలడం లేదు. "ఓడ అడుగున నీళ్లు చేరితే తేలే బుడ్డి పైకి లేచి అలారం కొడ్తది చెల్లె. దినమంతా ఒకటే లొల్లి. బాపు సాంచె తీగ కట్టినట్టు ఆ బుడ్డిని కట్టేసిన. కప్తాన్ శభాష్ అన్నడు." దారం తెగితే మరమగ్గాన్ని ఆపే తీగ అది; తెగినా సాంచె ఆగకూడదని బాపు దాన్ని కట్టేస్తే గుడ్డ పాడయ్యేది. అంతే. నువ్వున్నది నీళ్ల మీద.

సార్‌కు చెబితే ఓడను ఆపేస్తారు, నీ నౌకరీ పోతుంది. అందుకే చెప్పలేదు. నువ్వే విప్పెయ్.

నీ చెల్లె,
రుచిత

డిండోలి
జూలై

అన్నా,

భివండీ చిరునామా అమ్మ ఇచ్చింది. నువ్వు మళ్లీ సాంచెల మీదికి వెళ్లావని బాపుకు ఇంకా చెప్పలేదు.

నువ్వు ఫోన్లో అన్న మాటలు చెవుల్లోనే ఉన్నాయి. "విప్పిన చెల్లె. విప్పంగనే మోగింది, ఇగ ఆగలే. నీళ్లు నిజంగనే వస్తున్నయి. కప్తాన్ మళ్ల కట్టుమన్నడు. చెయ్యి రాలే. నన్ను దించేసి నా జాగల ఇంకొకన్ని ఎక్కించుకున్నడు. నా నౌకరీ కోసమే గద నోరు మూసుకున్నవ్? ఇప్పుడు నౌకరీ లేదు. చెప్పు పో."

అప్పుడే వెళ్లి సార్‌కు అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. అధికారులతో మాట్లాడి, "గురువారం రేవుకు రాగానే ఎక్కుతారు" అన్నారు.

గురువారం వానలో రేవు గేటు దగ్గర నిలబడ్డాను. ఓడ రాలేదు. ఇవాళ ఆదివారం. ఇంకా రాలేదు.

నీ జాగాలో ఎక్కినవాడి పేరేమిటో రాయి అన్నా.

రుచిత