లోపలి నుంచి గడియ వేసిన మనిషి పేరు చెక్కాలి

కూడలిలో యుద్ధవీరుల రాతి మీద నా పేరుంది, నా భార్య పేరు లేదు. ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాను. మాజీ సైనికుల సంఘానికి పెద్ద నా సొంత తమ్ముడే. "వదినంటే నాకూ గౌరవమే అన్నయ్యా, కానీ ఆవిడ యుద్ధం చెయ్యలేదుగా" అంటాడు.

అందుకే ఈ వీలునామా. నాకు మతి సరిగ్గానే ఉంది, చెడింది ఊపిరితిత్తులు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, చేసినా వినే రకం కాదు నేను.

1. నా స్వార్జితమైన ఇల్లు, వెనక రేకుల గదితో సహా, సర్వహక్కులతో నా కూతురికి. గదిలో ఉన్న సంఘం కుర్చీలు నేను పోయిన రోజే బయటపెట్టాలి.

2. పిన్నుల డబ్బా కూడా కూతురికే. తల్లీ, మీ అమ్మ సైన్యం కోసం పనిచేసిన మందుగుండు షెడ్డులోకి ఇనుము తీసుకెళ్ళనివ్వరు, నిప్పురవ్వ లేస్తుందని. రోజూ గేటు దగ్గర జడపిన్నులు తీసి అందులో వేసి వెళ్ళేది. ఆఖరి రోజువి ఆరున్నాయి. ఆవిడవి ఇంకేమీ తిరిగి రాలేదు తల్లీ.

3. నా పతకం ఎవరికీ వద్దు, నాతోపాటే పోనివ్వండి. శత్రువు మీదపడినా చోటు వదల్లేదని ఇచ్చారు. బూటులో కాలు వాచి పరుగెత్తలేకపోయాను, అంతే. ఈ ముక్క రాయడానికి చెయ్యి రాక నిన్న రెండు కాగితాలు చింపాను. నా పక్కన ఇద్దరు నిజంగా పోరాడి పోయారు. వాళ్ళ పేర్లు ఉండాల్సిందే.

మీ అమ్మ పరుగెత్తగలిగేదే. మంట లేచినప్పుడు గుమ్మంలోనే ఉంది. తలుపు గడియ లోపలివైపు. మంట పక్కకి పాకకుండా లోపలికెళ్ళి వేసింది. పక్క షెడ్డులో నలభై ఒక్కమంది బతికారు. కాగితాల్లో మాత్రం 'ప్రమాదం' అని రాసుకున్నారు.

4. నా ఉన్నికోటు తమ్ముడికి. చిన్నప్పటి నుంచీ చలికి దగ్గుతాడు.

5. ఇదంతా అమలు చేసే బాధ్యత మా వీధి దర్జీది. అతని మాటకు ఎవరూ అడ్డు చెప్పకూడదు.

6. తమ్ముడూ, నేను పోయేదాకా ఆగకుండా దీని నకలు ఇవాళే నీకు పంపుతున్నాను. ఈ నెల దాటనన్నాడు డాక్టరు. వదిన పేరు చెక్కిస్తావా లేదా? లేదంటే నా పేరు కొట్టేయించు, ఆవిడ లేనిచోట నేనుండను. ఇరవయ్యో తారీఖు సాయంత్రంలోపు జవాబు కాగితం మీద పంపు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, నాకు చూపు ఆనడం లేదు.

మార్చి నాలుగో తారీఖు.

సంతకం: వీధిలో అందరూ కుంటి సిపాయి అని పిలిచే నేను

సాక్షులు: మందుల షాపు ఆయన, పక్కింటి టీచరమ్మ