కత్తిరించిన చొక్కాలు

మంగళవారం, సాయంత్రం

తమ్ముడికి,

నీ కూతురు గువ్వని ఇంట్లో దొంగని చేసింది నువ్వే. ముందు ఈ మాట చెప్పాక మిగతా క్షేమాలు: నేను బాగానే ఉన్నాను. మరదల్ని అడిగానని చెప్పు. గువ్వ నా ఎదురుగానే ఉంది, పొద్దున నాలుగు ముద్దలు తింది.

పాతికేళ్ళుగా కుట్టుపని చేస్తున్నావు. వీధిలో పోయే మనిషిని చూసి కొలతలు చెప్పేస్తావు. పదహారేళ్ళ పిల్ల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాలే ఎందుకు వేసుకుంటోందో నీకు పట్టలేదు. చేతుల మీద తనే చేసుకున్న గాయాలు మరదలి కంటబడ్డ మర్నాడు నువ్వు చేసిందేమిటి? పిల్ల బడికి వెళ్ళగానే దాని చొక్కాలన్నీ మిషను దగ్గర పోసి, పదకొండింటికీ చేతులు మోచేతి పైకి కత్తిరించి, అంచులు మడిచి, ఇస్త్రీ చేసి పెట్టావు. ఇక దాచడానికేముంటుందక్కా, రోజూ పొద్దున్నే ఓసారి చూసుకుంటే సరి అని ఫోన్లో గొప్పగా చెప్పావు.

సరిపోయిందా? బళ్ళో అందరూ చూశారు. వెనక బెంచీ వాళ్ళు దర్జీ గారి అతుకుల బొంత అని పేరు పెట్టారట. పిల్ల ఆ పని మానలేదురా, నీ కంటబడకుండా చేసుకోవడం నేర్చుకుంది. శనివారం నాలుగు బస్టాపుల దూరం నడిచొచ్చి, నన్ను ఇంటికి పంపకత్తా అంది.

నువ్వేమంటావో నాకు తెలుసు. వేషాలంటావు, ఫోను చెడగొట్టిందంటావు, ఏం తక్కువ చేశామంటావు. తిట్టారు, ఏడ్చారు, తల మీద ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడు ఒట్టు తప్పిన సిగ్గు ఒకటి అదనం. మిమ్మల్ని బెదిరించడానికి చేసుకున్నది కాదు అది. లోపల ఊపిరాడనప్పుడు ఇంకో దారి కనబడలేదు. ప్రమాదమైన దారే, కాదన్నదెవరు? దాన్ని మూయాలంటే ఇంకో తలుపు తెరవొద్దా?

నిన్న సూటిగా అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మరదలు ఫోన్లో వణికిపోయింది. పుట్టదు. గువ్వ, అప్పుడప్పుడూ అనిపిస్తుంది అంది. అప్పట్నుంచీ ఒంటరిగా వదల్లేదు. ఇవాళ మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నీతులు చెప్పలేదు. కట్టు మార్పించి, గంటసేపు విన్నది. బయటికొచ్చాక, ఆకలేస్తోందత్తా అంది మన పిల్ల. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని!

ఆదివారం వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోతానన్నావు. అలా అయితే రాకు. తీసుకెళ్ళి ఏం చేస్తావు, మళ్ళీ కాపలా కాస్తావా? అప్పటికి మనకి పిల్ల మిగులుతుందా? నాకు భయంగా ఉందిరా.

నీ అక్క

తా.క. ఇంత అరిచానే, నేను చేసింది నీకు చెప్పలేదు. మూడు నెలల క్రితం గువ్వ ముందు నా దగ్గరికే వచ్చింది. చొక్కా చెయ్యి తనే పైకి మడిచి చూపించింది. నేను గంటన్నర మాట్లాడాను: మార్కుల పిచ్చి, ఆడపిల్లని నోరెత్తనివ్వని సమాజం. తర్వాతి వారం దీని మీదే పత్రికలో వ్యాసం కూడా రాశాను, గువ్వ పేరు లేకుండా. అందరూ మెచ్చుకున్నారు. నీకేమైంది తల్లీ అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అది ఆ వ్యాసం చదివిందని నిన్నే తెలిసింది.

కాబట్టి కింద రాసిన నియమాలు నీకూ నాకూ మరదలికీ కలిపి. కొన్ని డాక్టరమ్మవి, కొన్ని గువ్వవి. ఈ ఉత్తరం తను చదివి, పంపమంది.

అరవొద్దు. ఒట్లు వద్దు. ఒళ్ళు తనిఖీ వద్దు.

ప్రమాదం తెచ్చే వస్తువులూ మందులూ తాళంలో ఉండాలి. ఎందుకో తనకి చెప్పే పెట్టాలి.

మళ్ళీ జరిగితే ముందు గాయం సంగతి, తర్వాతే మాటలు. గాయం పెద్దదైనా, చచ్చిపోతానన్నా, ఆ క్షణమే ఆసుపత్రి.

వారం వారం డాక్టరు. పిలిస్తే మనమూ వెళ్ళాలి.

తన సంగతి ఎవరికి చెప్పాలో తనని అడగాలి.

తను మాట్లాడేటప్పుడు మనం నోరు మూసుకోవాలి. ముందు నేను.