నూరకూడని మాత్ర

కుయెంకా, మంగళవారం

చెల్లీ రోసౌరా,

మేరీమాత మిమ్మల్ని చల్లగా చూడాలి. మన ఊరి ఫోను పనిచేయడం లేదన్నారు. అందుకే ఎప్పుడూ రాయని నేను ఈ కార్డు రాసి, పాల లారీ నడిపే సెగుందోకు ఇచ్చి పంపుతున్నాను. అమ్మ రక్తపోటు మాత్ర ఈ పూట నుంచే నూరవద్దు.

మా వార్డు ఆయాలందరికీ ఆసుపత్రిలో మందుల పాఠాలు పెట్టారు. నిన్న ఫార్మసీ డాక్టరమ్మ అదే మాత్ర చూపించి, "దీన్ని నూరి ఇచ్చేవాళ్ళు చేతులెత్తండి" అంది. అందరికన్నా ముందు నేనే ఎత్తాను.

"పళ్ళు లేని తాతలకు మేం నూరకపోతే మీరొచ్చి నమిలి పెడతారా, డాక్టరమ్మా?" అంది నాతో పనిచేసే ఆయా ఎల్విరా. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఇది రోజంతా మెల్లగా కరగాలమ్మా. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. రక్తపోటు పడిపోయి మనిషి కూలిపోతాడు. మళ్ళీ లేవకపోవచ్చు" అంది.

బార్లీ జావలో నూరి కలపమని నీకు చెప్పింది నేనే. జావ తాగాక అమ్మ తూలుతోందని నువ్వంటే, ఉపవాసాల వల్లేనని కొట్టిపారేశాను. నిన్నటి నుంచి అమ్మ కోసం జపమాల తిప్పుతూనే ఉన్నాను.

అమ్మ మాత్రను నూరకుండా అలాగే మింగగలదా? లేకపోతే వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి, వేరే మందు అడుగు. ఎలా ఉందో సెగుందోతోనే కబురు పంపు. పడిపోయి ఉంటే నా దగ్గర దాచకు. కోళ్ళకు జబ్బు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

ఈ కార్డు నీ ప్రార్థన పుస్తకంలో దాచుకో, అమ్మకు చూపించకు. ఆసుపత్రిలో పనిచేసే తన కూతురు చెప్పిన పద్ధతి ఇదని అందరికీ చెప్పుకుంటూ తాగుతుంది ఆ జావ.

నీ అక్క,
సోయ్‌లా