విచారణ నాడు టీక్యా ఇంట్లో

భూపాలపల్లి,
ఆగస్టు 9.

చిరంజీవి సుమనకు,

ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా, నేనూ కుశలం. జనగామలో నీ ఆరోగ్యం బాగుందని, చదువు సాగుతోందని తలుస్తాను. హాస్టల్‌లో ఆదివారం ఇచ్చే అయిదు నిమిషాల ఫోనులో తెమలని సంగతి ఉంది. అందుకే ఉత్తరం.

ముందు నువ్వు అడిగినవి. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. దవాఖానలో ఇచ్చిన మాత్రలు మాత్రం సగం మిగిల్చింది. నీ నర్సింగ్ పుస్తకాలు బియ్యం డబ్బా వెనక దొరికాయి.

ఇక నీ స్కాలర్‌షిప్‌కు కావలసిన ఆదాయం సర్టిఫికెట్ సంగతి. మీసేవలో సర్వర్ పనిచేయడం లేదని అమ్మ నీకు రెండు ఆదివారాలు చెప్పింది. అది నిజం కాదు. జరిగింది రాస్తాను.

మీ నాన్న అమర్‌సింగ్ పోయాక కూడా రేషన్ కార్డు గార్ల దగ్గరి మీ తండాలోనే ఉంది. అందులో నువ్వూ, అమ్మా. తర్వాత అమ్మతో నా పెళ్లి తండా పెద్దల ముందు జరిగింది, కాగితం లేదు. అందుకే అమ్మ అక్కడి నుంచే దరఖాస్తు పెట్టింది: భర్త లేడు, కూలి పని అని. గనిలో నా జీతం కలిపితే ఆదాయం పరిమితి దాటుతుంది, నీ ఫీజు ప్రభుత్వం కట్టదు. ఇది తెలిసే నేనూ ఒప్పుకున్నాను.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకు వచ్చే రోజు అమ్మను తండాకు నేనే తీసుకెళ్లాను. "నువ్వు మనింట్ల కనబడకు. పక్కన టీక్యా అన్న ఇంట్ల కూసో," అంది. కూర్చున్నాను. అయితే అమ్మ సాక్షిగా రాయించిన పేరు టీక్యాదే. ఇన్‌స్పెక్టర్ సంతకం కోసం నేరుగా అక్కడికే వచ్చాడు.

"ఈయనెవరు?"

"మా సుట్టం సార్. మేకను కొననీకి వచ్చిండు," అన్నాడు టీక్యా.

ఇన్‌స్పెక్టర్ రాసుకుంటూ, "తండ్రి లేని పిల్ల. ఎవలు సూసుకుంటున్నరో, పాపం," అన్నాడు.

"ఉన్నడు సార్," అన్నాను. "నేనే."

కలం ఆగింది. "ఏం పని జేస్తవ్?"

"బొగ్గు గనిల క్లర్కును."

"గట్లయితే నీ జీతం గూడ కలపాలె."

"కలుపుండ్రి."

ఆయన వెళ్లాక టీక్యా నెత్తి కొట్టుకున్నాడు. "మేకను అడిగినా ఇంతకన్న తెలివిగ జెప్తుండె గదనే బావా!"

మహబూబాబాద్‌లో బస్సు దిగాక, "పిల్ల సదువు ఆగితే?" అని అమ్మ ఒక్క మాట అంది.

అబద్ధం బయటపడితే ముందుముందు నీకే ముప్పని తర్వాత అమ్మకు నచ్చజెప్పాను. నిజానికి ఆ క్షణంలో నాకు అదేమీ తోచలేదు. 'తండ్రి లేని పిల్ల' అంటుంటే వింటూ కూర్చోలేకపోయాను. అంతే. దానివల్ల పోయింది నీ స్కాలర్‌షిప్. నిన్ను అడగలేదు, అది నా తప్పు.

చదువు ఆగదు. నా పీఎఫ్ డబ్బు మంజూరైంది. ఫీజుకు ఇరవయ్యో తేదీ గడువు కదా, పద్దెనిమిదిన నేనే జనగామ వచ్చి కడతాను. కట్టేవాళ్లు విద్యార్థికి ఏమవుతారో కాలేజీ ఫారంలో రాయాలట. మొన్న నిన్ను అడగకుండానే తండ్రినని చెప్పాను. ఈసారి ఆ గడి నువ్వే నింపు. చిన్నాన్నను పిలిచినట్టు కాకా అంటావు కదా, అదే రాసినా కింద సంతకం పెడతాను.

ఇట్లు,
నీ కాకా
మోతీలాల్