పాడవని రీలు

అమ్మా,

నీ చిన్నదాని నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. నీ అల్లుడికి దగ్గు తగ్గింది, గొణుగుడు మాత్రం తగ్గలేదు. అక్కా, పసిపాపా బాగున్నారని తలుస్తాను.

"నేను కోరస్‌లో పాడిన ఆ పాటని ఏం చేస్తున్నారే, గుర్తుపట్టేలా అయినా ఉంచుతారా?" అని అడిగావు. మా ప్రభుత్వ సంగీత సంస్థలో పాత సినిమా పాటల అసలు రీళ్ళున్నాయి కదా. వాటిలో వయొలిన్లు, తబలా, గొంతులు దేనికది విడివిడిగా ఉంటాయి. వాటితోనే రీమిక్స్ కడుతున్నాను. మొన్న మధ్యాహ్నం బయట ముసురు పట్టి ఉంది. మిగతావన్నీ మూసేసి గొంతులు మాత్రం తెరిచాను. కోరస్ ఆగిపోయాక నువ్వొక్కదానివే తీసే ఆ చిన్న హమ్మింగ్ వచ్చింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఇరవై ఆరేళ్ళ నువ్వు, ఇప్పటి నాకన్నా చిన్నదానివి, నా చెవిలో పాడుతున్నావు. ఎవరో జో కొట్టినట్టయి కళ్ళు మూతలు పడ్డాయి. గదంతా నీళ్ళ మీద తేలుతున్నట్టనిపించింది. ఎన్నిసార్లు విన్నానో తెలీదు, టీ చల్లారి మీగడ కట్టింది.

"ఆఫీసులో అందరితో మంచిగా ఉంటున్నావా?" అని కూడా అడిగావు. దానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను.

బట్టలు కుట్టే షాపు పైన రెండు గదుల్లో స్టూడియో నడిపే ఒకావిడ ఉంది. మెడలోంచి హెడ్‌ఫోన్లు తియ్యదు, అందుకని హెడ్‌ఫోన్ల పిన్ని అంటాం. అదే పాటను రీమిక్స్ చేస్తానని మాకంటే వారం ముందే రీలు కాపీకి దరఖాస్తు పెట్టింది. మా దగ్గర ఎవరడిగినా కాపీ ఇవ్వాలి, ముందు అడిగినవాళ్ళ పాటే ముందు విడుదల కావాలి. సంస్థకైనా అదే నియమం. ప్రజల సొత్తు మరి.

మా ఆఫీసరు నవ్వుతూ, "మన ఇంట్లో మనకే వరుసేంటమ్మా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. తప్పంతా ఆయన మీద తోసేసి నేను చేతులు దులుపుకోవచ్చు. కానీ మర్నాడు రీలు పెట్టె మీద "పాడైనది, కాపీ వీలు కాదు" అని చీటీ రాసి అంటించింది నేనే. పిన్ని వచ్చి చూసి, "అయ్యో, పోయిందా! ఎంత మంచి పాట" అని పెట్టెను ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది. నీ గొంతు నా చేతుల మీదుగానే బయటికి రావాలనుకున్నానమ్మా. అంత ఆశకు అంత పాడుబుద్ధి ఎలా పుట్టిందో!

తర్వాత నాలుగు రోజులు నీ హమ్మింగ్ వినబుద్ధి కాలేదు. ఐదో రోజు చీటీ పీకేసి, జరిగింది ఆఫీసరుకు రాసిచ్చాను. నా రీమిక్స్ ఆపేశారు, నన్నేం చేస్తారో ఇంకా తెలీదు. కాపీ పట్టుకుని పిన్ని మెట్లెక్కాను. అంతా చెప్పేశాను.

పిన్ని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "పోనీలే అంటాననుకున్నావా? అనను. ఒళ్ళు మండిపోతోంది నాకు. కూర్చో, ముందు విననీ" అంది.

వింది. హమ్మింగ్ దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ఆవిడ మొహం మెత్తబడటం చూస్తూ నేనూ విన్నాను. కాసేపు ఆ గదిలో ఎవరం ఎవరిమీదా కోపంగా లేము.

ఇంకొకటి కూడా చెప్పాలి. నా రీమిక్స్ పేర్ల జాబితాలో నీ పేరు లేదు. కోరస్ వాళ్ళ పేర్లు వేసే అలవాటు ఎప్పుడూ లేదు, వేస్తే సొంత తల్లిని ఇరికించిందంటారని జంకాను. చీటీ అంటించడానికి మాత్రం జంకలేదు.

పిన్ని తన రీమిక్స్ పేర్ల కాగితం నా ముందుకు తోసి, "ఈ హమ్మింగ్ ఎవరిదో తెలుసా? పేరు వెయ్యకుండా పాట బయటికి వదలను" అంది.

అన్ని పేర్ల కిందా, అంచున, నీ పేరు రాశాను.

"ఏమవుతుంది నీకు?"

"అమ్మ."

పిన్ని కాగితం తన వైపుకు లాక్కుంది. నేను రాసింది కొట్టేసి, పైన, అసలు పాట పాడిన గాయకులిద్దరి పక్కనే, తన చేత్తో నీ పేరు మళ్ళీ రాసింది.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి