కోత పండుగలో మా చేతి అన్నం

3 నవంబర్ 1957, ఆదివారం

అయ్యగారి ప్రసంగం మళ్లీ ఐక్యత మీదే. విశ్వాసులమంతా ఒకే శరీరమట. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు – కుడిపక్క నుంచి పైవాడ, ఎడమపక్క నుంచి మా కిందివాడ. మధ్యలో బారెడు ఖాళీ నేల.

వాడకొక గుడి పోయి అందరికీ ఒకటే గుడి అయి ఐదేళ్లు. ఊరికి రెండు వాడలూ అంటరానివే. మాలో మాకు మళ్లీ ఒక మెట్టు. ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె ముందు పైవాడకు, తర్వాత మాకు. అట్లా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అట్లాగే జరుగుతుంది.

ఎల్లవ్వ ఇవాళ కూడా గడప బయటే కూర్చుంది. మా వాడకు అవతల, తుమ్మచెట్ల కింద వాళ్ల గుడిసె. మా వాడలోనే అడుక్కుని బతికే ఇల్లు. నేను వాక్యం చెప్పి తెచ్చిన మనిషి – ఆ మాట రాసుకోవడానికి నాకేం సిగ్గు లేదు. లోపలికి రమ్మన్నాను. "ఈడనే మంచిగున్నదమ్మా, గాలొస్తున్నది." సరేలే అనుకున్నాను.

5 నవంబర్, మంగళవారం

సంఘ పెద్దల కూటం. కోత పండుగ 24న. కొయ్యడానికి యాటలు రెండు, బియ్యం ఇంటికింత. అంతా సాఫీగా పోతోంది... పైవాడ పెద్ద యోసేపన్న – "ఖాసిం సాబ్‌కు ముందుగాల చెప్పి రావాలె, మల్ల దొరకడు."

ఏటేటా ఇదే. పండుగనాటి మా ప్రేమవిందుకు మెట్‌పల్లి నుంచి తురక వంటాయన రావాలి. ఎందుకంటే ఆయన చేతిది రెండు వాడలూ తింటాయి. మా చేతిది పైవాడ తినదు.

లేచాను. ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలు స్త్రీనని కూటంలో నాకొక పీట ఉంది, దాన్ని ఊరికే ఎందుకు అరగదియ్యాలి?

"ఈసారి ఖాసిం సాబ్ వద్దు. మా వాడ ఆడోళ్లం వండుతం."

యోసేపన్న మొహం చూడాలి. "అన్నం కాడ లొల్లి పెట్టకు రాహేలమ్మా. సంఘం రెండైతది."

"ఇప్పుడు ఒకటున్నదా అన్నా?"

చివరికి అయ్యగారు – కానివ్వండి, ఈసారి వాళ్లనే వండనివ్వండి. గెలిచాను! ఇంటికొచ్చాక భయమేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను. నన్ను కన్న మా అవ్వ చెవులు మూసుకుంది.

9 నవంబర్, శనివారం

మెట్‌పల్లి అంగడి. ఖాసిం సాబ్‌కు నేనే చెప్పాలి కదా, చెప్పాను.

"క్యా రాహేలమ్మా, నా కూరల, నా సాలన్ల తప్పేమొచ్చింది?"

అసలు సంగతి చెప్పాను. గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నవ్వాడు. "మీ దేవుడు ఒక్కడే, మీ గుడి ఒక్కటే. పొయ్యి మాత్రం నాదా? ఎప్పుడో అడుగుదమనుకున్న. అడిగితే నా రోజీ, నా బువ్వ పోతదని అడగలే."

విందులకు వండే తన పెద్ద డేగిస ఇస్తానన్నాడు. పండుగకు తినడానికి వస్తానన్నాడు. మంచి మనిషి. ఆయన కూరలో మిరియాలు మాత్రం ఎక్కువే, ఏటా అనుకుంటాను.

12 నవంబర్

పైవాడలో మాటలు. యోసేపన్న తల్లి మరియవ్వ అన్నదట – "ఎనబై ఏండ్లొచ్చినయి, వాళ్ల చేతి నీళ్లు ముట్టలే. సచ్చేముంగట ముట్టుదునా?"

ముట్టకు. ఆకలి నీకే.

17 నవంబర్, ఆదివారం

ఆరాధన తర్వాత అయ్యగారు పక్కకు పిలిచారు. పైవాడ వాళ్లు పండుగకు ఇంట్లో తినే వస్తారట. విస్తరి ముందు కూర్చుని లేచిపోతారట. ఆ మర్నాడే వాళ్ల పాత గుడి తాళం తీస్తారట.

"రెండు వాడల ఆడవాళ్లు కలిసి వండితే కాదా అమ్మా?"

"కలిసి వండితే వాళ్ల వాళ్లు వండిందే వాళ్లు తింటరయ్యా. ఈ ఏడు మా చేతిది వాళ్లు తిననీ. వచ్చే ఏడు వాళ్ల చేతిది నేను వేళ్లు నాకి తింట."

అయ్యగారు నవ్వలేదు. ప్రార్థన చేద్దాం అన్నారు. చేశాను. లోపల మాత్రం ఒకటే మాట – ప్రభువా, వాళ్లు తినాలి. తినకపోతే సంఘం విరిగింది నా మొండితనం వల్లనే అవుతుంది.

23 నవంబర్, శనివారం

డేగిస వచ్చింది. గుడి వెనక మూడు రాళ్ల పొయ్యి. మా వాడ ఆడవాళ్లంతా వచ్చారు – తలలు దువ్వుకుని, ఉతికిన చీరలతో, పెళ్లికి వచ్చినట్టు. బియ్యంలో రాళ్లు ఏరుతూ పాటలు. మోదుగాకు విస్తరులు మా అవ్వే కుట్టింది. వీళ్లను చూస్తే గుండె నిండిపోతోంది... దొరల వాకిళ్లు ఊడ్చిన చేతులివి. రేపు దేవుడి ఇంట్లో వడ్డిస్తాయి.

24 నవంబర్, ఆదివారం. కోత పండుగ

రాయాలి. నిద్రపోకముందే అంతా రాయాలి.

బలిపీఠం ముందు వడ్లు, మక్క కంకులు, గుమ్మడికాయలు. ఆరాధన బాగా జరిగింది. తర్వాత బయట బంతులు. పైవాడ అటు, మా వాడ ఇటు, ఎదురెదురుగా. ఖాసిం సాబ్ అయ్యగారి పక్కన. మేం వడ్డించాం. అన్నం, యాటకూర, పచ్చిపులుసు. ప్రార్థన అయింది.

పైవాడ బంతిలో ఒక్క చెయ్యి కదలలేదు.

వాళ్లు తినకుండా మా వాళ్లు కూడా ముట్టలేదు. కూర మీద ఆవిరి తగ్గిపోతోంది. యోసేపన్న నేల చూస్తున్నాడు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఏడిస్తే చూస్తారని పెదవి కొరుక్కున్నాను.

అప్పుడు మరియవ్వ. బంతికి మొదట కూర్చున్నది ఆమే. నన్ను చూసింది, విస్తరి చూసింది, మళ్లీ నన్ను చూసింది. ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. పళ్లు లేవు, చాలాసేపు నమిలింది. రెండు బంతులూ ఆ దవడనే చూస్తున్నాయి.

"ఉప్పు తక్కువైందే రాహేలూ!"

ఒళ్లు మండింది నాకు. నా కూరలో ఉప్పు తక్కువా? "నీ నాలికె మొద్దుబారింది అవ్వా!" అనేశాను. అన్నాక గానీ తెలియలేదు ఏం జరిగిందో. ఖాసిం సాబ్ పెద్దగా నవ్వాడు. యోసేపన్న ముద్ద ఎత్తాడు. ఇక ఒక్కో చెయ్యి... అందరూ. పిల్లలు మారు అడిగారు. మరియవ్వ కూడా మారు అడిగింది, ఆ ఉప్పు తక్కువైన కూరే!

మా అవ్వ గుడి గోడకు ఆనుకుని ఏడ్చింది. "నా బిడ్డ వండింది పైవాడోళ్లు తిన్నరు. ఇగ నేను సచ్చినా మంచిదే."

నాకు గర్వమే. గర్వం పాపమని నేనే ఇంటింటికీ చెబుతాను. ఈ ఒక్కరోజుకు ప్రభువు క్షమిస్తాడు. మా సంఘం ఇవాళ ఒకటైంది, మా చేతి అన్నం మీద ఒకటైంది.

డేగిస అడుగు కనబడుతోంది.

25 నవంబర్, సోమవారం

నిన్న రాయని సంగతి ఒకటుంది.

అందరూ వెళ్లాక ఎల్లవ్వ వచ్చింది. గుడి వెనక, పొయ్యికి దూరంగా నిలబడింది. చేతిలో మట్టి గిన్నె, పైన ఆకు. "అలసంద గుడాలమ్మా. నా మొదటి కోత పండుగ గద. గుడికియ్యనీకి పంట లేదు, నా చేతితోటి చేసుకొచ్చిన. నువ్వు తినాలె."

తీసుకున్నాను. సంతోషం అన్నాను. నవ్వాను కూడా. మా అవ్వ చూసింది. ఎల్లవ్వ అటు తిరగ్గానే – "దాని చేతిదా? థూ, ఇంట్లకు తేకు. మా అత్తకాలం సంది వాళ్లను వాకిట్లకే రానియ్యలే." నిన్న మధ్యాహ్నం ఏడ్చిన అదే అవ్వ.

కసిరాను అవ్వని. గిన్నె ఇంటికి తెచ్చాను. అవ్వ మీద గెలవడానికి తెచ్చాను, అంతే. అటక మీద పెట్టాను. నిన్న కడుపు నిండి ఉంది, రేపు తిందాంలే అనుకున్నాను.

ఇవాళ పొద్దున అంబలి తాగాను. మధ్యాహ్నం రొట్టె చేసుకున్నాను. రెండుసార్లూ అటక వైపు చూశాను, రెండుసార్లూ ఆకలి లేదనుకున్నాను. నా నోరు నాకు కొత్తగా ఉంది. ఎనభై ఏళ్ల మరియవ్వ ఒక్క ముద్దకు ఎంత దూరం నడిచిందో నిన్న నాకు తెలియలేదు. ఆమె నాలిక మొద్దుబారిందని అన్నాను.

ఎల్లవ్వ లోపలికి ఎందుకు రాదో కూడా ఇవాళే తెలిసింది. గాలి కోసం కాదు. గుడిలో ఎడమపక్క అంతా మేమే కదా.

సాయంత్రం

వాకిలి బయట ఎల్లవ్వ. గిన్నె కోసం వచ్చింది. అక్కడి నుంచే పిలుస్తోంది.

"అమ్మా... ఉప్పు సరిపోయిందా?"

గిన్నె దించాను. పైనున్న ఆకు తీశాను. కొంచెం పులిసిన వాసన. ఇంకా తినొచ్చు...