విరిగిన శిలువ నుంచి నలభై అడుగులు

సౌభాగ్యవతి సోలాంజ్‌కు,

ఇక్కడ నేనూ, మన గాడిదా, ఏడు కోళ్ళూ క్షేమం. ఎనిమిదో కోడి కూడా క్షేమమే గాని దాని నివాసం మారింది; ఆ వృత్తాంతం క్రింద వ్రాస్తాను. ఆసుపత్రిలో వేసిన నీ క్రొత్త మోకాలు నీ మాట వింటున్నదని తలుస్తాను. నలభై ఒక్క ఏండ్లుగా ఈ ఇంట్లో నీ మాట వినని వస్తువంటూ లేదు కనుక, అదీ ఎంతో కాలం మొండికెయ్యలేదు.

నీ ఉత్తరంలో అడిగిన వాటికి జవాబులు. మన అతిథిగృహానికి లీల్ నగరం నుంచి రావలసిన వాండెపుట్ దంపతులు అనుకొన్న సోమవారమే దిగారు. నీలం గది ఇచ్చాను. దుప్పట్లు నువ్వు చెప్పిన బీరువాలోవే పరిచాను. భోజనానికి నువ్వు వ్రాసిపెట్టిన చీటీ ప్రకారమే బాతు మాంసమూ బంగాళాదుంపలూ వండాను. దుంపలు కొంచెం ఎక్కువగా నల్లబడ్డాయి. ఆయన మర్యాదస్తుడు, అది మన కొరెజ్ సీమ పద్ధతి కాబోలనుకొని రెండోమారు వడ్డించుకొన్నాడు.

ఫలహారం దగ్గర ఉపన్యాసాలు వద్దని నువ్వు గోడకు అంటించిన కాగితం అక్కడే ఉంది. మొదటి రోజు దాన్ని గౌరవించాను. రెండో రోజు ఆవిడ, పేరు ఒడెట్, జామ్ సీసా చూసి “ఇది ఏ పండండీ?” అని అడిగింది. అడిగినవారికి చెప్పకపోవడం విద్యాద్రోహం కదా! అత్తిపండు గనుక ప్రాచీన రోమను తోటల నుంచి ఎత్తుకొన్నాను. సామ్రాజ్యం కూలేవేళకు ఆయన లేచి, “మాస్టారూ, బయట ఎండ బాగుందండీ, పోతుందేమో” అన్నాడు. సీసాలో సగం జామ్ మిగిలింది. ఆ లెక్కన నా పాండిత్యం సంసారానికి పొదుపే.

ఇక కోడి. ఒడెట్ దానికి రొట్టె ముక్కలు అలవాటు చేసింది. మరునాటికల్లా అది నీలం గదిలో చేరి ఆవిడ పెట్టెలో గుడ్డు పెట్టింది. “పాపం, దానికి చలేస్తోందండీ!” అని ఆవిడ నన్నే కోప్పడింది. మన కోడి చలిని గురించి లీల్ మనిషి నాకు చెప్పడం! వాళ్ళు వెళ్ళిపోయారు, పెట్టె కూడా వెళ్ళిపోయింది, కోడి మాత్రం గది ఖాళీ చెయ్యనంటున్నది.

వాన పడిందా అని ఒకే ఉత్తరంలో మూడుమార్లు అడిగావు. దానికి జవాబు చివర వ్రాస్తాను. కారణముంది.

వచ్చినవారికి చుట్టుప్రక్కల చూపించాలి గదా అని బుధవారం పాత వంతెనకూ నీటిమర దగ్గరికీ తీసుకువెళ్ళాను. గురువారం చెస్ట్‌నట్ అడవిలో, విరిగిన శిలువ ప్రక్కనున్న శిథిల దేవాలయానికి నడిచాము. గోడలోని లాటిను శాసనాన్ని పదకొండు పంక్తులూ చదివి, అన్వయం చెప్పి, ఛందస్సు కూడా విడమరిచాను. ముగించి చూద్దును గదా, ఆయన బూటు విప్పి గులకరాయి దులుపుకొంటున్నాడు. ఆవిడ దూరాన ఉన్న ఆవులను చూస్తున్నది.

ఇక్కడి నుంచి నా కలం తడబడుతున్నది. కూర్చొని చదువు, కూర్చొనే ఉంటావులే.

శస్త్రచికిత్సకు ముందు సాయంత్రం నువ్వు తలుపు వేయించి, నా చెయ్యి పట్టుకొని, మీ అమ్మకు వాళ్ళమ్మ, నీకు మీ అమ్మ చెప్పిన చోటు, బంగారంలాంటి సెప్ పుట్టగొడుగులు మొలిచే చోటు, నా చెవిలో చెప్పావు. “విరిగిన శిలువ నుంచి వాగు వైపు నలభై అడుగులు. నాకేమైనా అయితే ఇది నీ దగ్గరుండాలి. చచ్చినా పైకనకు” అంటూ కన్నీళ్ళు పెట్టుకొన్నావు. ఇన్నేళ్ళూ బుట్టతో అడవికి వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా కూడా నన్ను రానివ్వనిదానివి! ఆ నమ్మకాన్ని తొమ్మిది రోజులు మోశాను. పదో రోజు దించేశాను.

తోటలో పండు తిని దొరికిపోయిన ఆ మొదటి పురుషునిలాగా నేరాన్ని ప్రక్కనున్న ఆడదాని మీదికి నెట్టను. నేరం నా అహంకారానిదే. ముప్పై ఆరేండ్లు కిటికీలోంచి బయటికి చూసే తరగతులకు ప్రాచీన కావ్యం బోధించినవాణ్ణి. ఆ దంపతుల ముఖాలలోనూ అదే కిటికీ కనిపించింది. సహించలేక, “సరే, ఆ శిలువ అవతల ఎటువంటి చోటున్నదో ఎరుగుదురా?” అన్నాను.

వాండెపుట్ ఒంటి బూటుతోనే లేచి నిలబడ్డాడు. “ఎటువంటి చోటండీ?”

సోలాంజ్, ఒక శ్రోత నా వంక అలా చూడటం నా జన్మలో అదే మొదలు. చెప్పాను. అడుగులు లెక్కించి చూపించాను. నేల ఎండి ఉన్నది గనుక ఏమీ లేదు; వాన పడిన వారానికి మొలుస్తాయని వ్యాఖ్యానం కూడా జోడించాను. ఎవరితోనూ అనమని ఇద్దరూ ప్రమాణం చేశారు.

మాట నిలబెట్టుకొన్నారు. ఎవరితోనూ అనలేదు. శనివారం వెళ్తూ వెళ్తూ అతిథుల పుస్తకంలో వ్రాసిపోయారు: “మాస్టారు మహాపండితులు. విరిగిన శిలువ నుంచి వాగు వైపు నలభై అడుగుల దాకా వారు చూపిన ఆదరం మరువలేము.” ఆ మధ్యాహ్నమే మొదటి వాన కురిసింది.

పొరుగింటి ఫెర్నాన్ ముప్పై ఏండ్లుగా నీ బుట్ట మీదనే కన్ను వేసి ఉన్నాడా, ఆదివారం అలవాటు ప్రకారం అక్రోటు వైను త్రాగడానికి వచ్చి ఆ పుస్తకం చదివాడు. రెండో గ్లాసు ముట్టకుండా లేచాడు. 

వాన పడి వారం కావచ్చింది గనుక, శుక్రవారం తెల్లవారగానే ఇంటి చెప్పులతో, నీ చీపురు ఆయుధంగా పట్టుకొని అడవికి పరుగెత్తాను. నలభై అడుగుల దగ్గర ఫెర్నాన్ వంగి ఆకులు తిరగేస్తున్నాడు. మన చర్చి ఫాదరుగారు బుట్టను వీపు వెనుక పెట్టుకొని ఆకాశం చూస్తున్నారు. ఉత్తరాలు పంచే ఇవెట్ సంచీతో చెట్టుకు ఆనుకొని ఉన్నది. ఇద్దరూ ఆ వారంలో మన ఇంట అతిథుల పుస్తకం తిరగేసినవారే.

“ప్రార్థనకు వచ్చాను నాయనా” అన్నారు ఫాదరుగారు.

“బుట్టతోనా, ఫాదర్?” అన్నది ఇవెట్.

నేలమీద ఒక్క పుట్టగొడుగూ లేదు. ఫెర్నాన్ నడుము నిటారు చేసి నన్ను చూసి నవ్వసాగాడు. “పంతులుగారూ, మీ ఆవిడ మీకూ ఇదే చెప్పిందా? మా అత్తగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏడ్చి మరీ చెప్పిన చోటు ఇదేనయ్యా! ఇరవై ఏళ్ళు వెతికాను. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు.”

“మరి తెలిసి తెలిసి ఎందుకొచ్చావురా?” అని చీపురెత్తాను.

“సోలాంజ్ కూడా ఇదే చోటు చెప్పిందంటే, నా అడుగులే తప్పేమో అనుకున్నా!”

ఇవెట్ సంచీ సర్దుకొన్నది. “మా ఆయనకీ నేను ఈ ఉత్తుత్తి చోటే చెప్పాను. నేనొచ్చింది మీ మొహాలు చూడ్డానికి.”

ఇంటికి వచ్చి వంటగదిలో చాలాసేపు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కష్టం కలిగింది. నేను నీ రహస్యం దాచలేకపోయానన్న బాధ ఒక ప్రక్క, దాచడానికి నాకసలు రహస్యమే ఇవ్వలేదన్న బాధ మరొక ప్రక్క. ఏది ఎక్కువో తేలక, ఒకదాన్నొకటి తన్నుకొని, చివరకు నవ్వు మిగిలింది. నన్ను నువ్వు చదివినంత శ్రద్ధగా నేను ఏ కావ్యాన్నీ చదవలేదు. అయినా ఆ కన్నీళ్ళు అబద్ధం కావు. భయం వేసిన వేళ నాకేదైనా ఇవ్వాలనిపించింది. నా చేతిలో పగలని వస్తువు చూసి ఇచ్చావు.

నాకు కోపం లేదు. నీకు ఉంటే అది న్యాయమే. ఒక్క మనవి: వచ్చే వసంతంలో రెండో మోకాలికి కూడా కత్తి తప్పదంటున్నారు గదా, ఆ సాయంత్రం కూడా తలుపు వేయించి నా చెవిలో ఇంకొక చోటు చెప్పు. ఇంటికి కొంచెం దగ్గరలో ఉండేది చెప్పు. ఇంటి చెప్పులు అరిగిపోయాయి.

అసలు చోటు మాత్రం నీ కాళ్ళకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. వాటిని త్వరగా నడిపించుకొని ఇంటికి రా.

వాన పడిందా అన్నావు. నిన్నటి నుంచి మళ్ళీ పడుతోంది.

ఇట్లు,
నోటికి తలుపు లేని నీ పెనిమిటి,
అన్సెల్మ్